ఎద్దు మీద నేర్చుకున్న మర్దన

మా అత్తగారికి పక్షవాతం వచ్చిన ఆరు నెలలకు కాడికి ఎడమవైపు కట్టే మా దాపటెద్దు కుంటిదైంది. ఎనభైల మొదట్లో మాట. నేను గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నగారు బడిపంతులు. పెళ్ళయి పర్చూరు దగ్గర ఈ పల్లెకి కాపురానికొచ్చి అప్పటికి మూడేళ్ళు.

మా అత్తగారు ముప్పై ఏళ్ళు కూడా నిండకుండానే భర్తని పోగొట్టుకున్న మనిషి. ఆరెకరాల పత్తీ మిరపా ఒంటిచేత్తో సాగు చేసి కొడుకుని పెంచింది. నాతో ఎప్పుడూ పోట్లాడలేదు. అలాగని దగ్గరికీ తీయలేదు. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే దూరం నుంచి ఒకసారి చూసి, చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. ఈ పిల్ల దేనికీ పనికిరాదని.

దసరా ముందు ఒక పొద్దున చేలోనే పడిపోయింది. ఎడంచెయ్యీ, ఎడంకాలూ రెండూ పడిపోయాయి. మాట మాత్రం కొంచెం తడబడ్డా నిలబడింది. గుంటూరు ఆసుపత్రిలో పదిహేను రోజులున్నాం. పంపించేటప్పుడు డాక్టరుగారు రోజూ ఆ కాలూ చెయ్యీ మెల్లగా కదిలిస్తూ ఉండాలనీ, లేకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయనీ మరీ మరీ చెప్పారు. ఇంటికొచ్చాక నేను దగ్గరికి వెళ్ళబోతే ఆవిడ మంచి చేత్తో దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"నువ్వు ముట్టుకోబాకమ్మాయ్. నాకేం అక్కర్లా."

స్నానం చేయించడానికి ఊళ్ళోంచి ఒకామె వచ్చేది. నేను కంచం అందించి పక్కకి తప్పుకునేదాన్ని. అలా ఆరు నెలలు గడిచాయి. వసారాలో నులకమంచం మీద, ఎదురుగా కొట్టం కనిపించేలా పడుకుని, ఆవిడ రోజంతా ఎడ్ల వైపు చూస్తుండేది.

మిరపకాయలు కోసి ఎండబెట్టి, గోనెసంచుల టిక్కీలకి తొక్కి బండి మీద రోడ్డు దాకా చేరవేసే రోజులు. ఎండాకాలంలో మా నల్లరేగడి నేల నెర్రెలిస్తుంది. మనిషి కాలు దిగేంత వెడల్పు నెర్రెలు. ఒకరోజు నిండు బండి లాగుతుండగా దాపటెద్దు ముందుకాలు నెర్రెలో దిగబడింది. వెనక నుంచి బండి బరువు తోసుకొచ్చింది. మా ఆయన కాడి విప్పి దాన్ని పైకి లేపేసరికి కాలు నేల మీద ఆనించడం లేదు. మూడు కాళ్ళ మీద ఇంటికొచ్చింది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఎముక విరగలేదు, జబ్బ దగ్గర కండరాలు చీలినట్టు పట్టేశాయన్నాడు. సూది వేశాడు, వాపు తగ్గడానికి మందిచ్చాడు. మళ్ళీ బరువు లాగుతుందో లేదో చెప్పలేనన్నాడు. వారం గడిచింది. వాపు తగ్గింది కానీ ఎద్దు కాలు కింద పెట్టలేదు. జబ్బ మీద కండ ఎండిపోయినట్టయింది. ఇంకో వారానికి ఒక పశువుల బేరగాడు గుమ్మంలోకి వచ్చాడు. ఎక్కడికి తోలుకుపోతాడో అందరికీ తెలుసు. మా ఆయన వసారా మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"కుంటెద్దుని పెట్టుకుని ఏం చేస్తామమ్మా? మేతకే చాలడం లేదు" అన్నాడు తల్లితో.

ఆవిడ మంచం మీంచి తల తిప్పలేదు.

"నేనూ కుంటిదాన్నేగదరా. నన్నెవడికి అమ్ముతావ్?"

మా ఆయన లేచి వెళ్ళి ఆ బేరగాణ్ణి పంపించేశాడు. వెనక్కి వచ్చేసరికి ఆవిడ మళ్ళీ అంది. "ఆ దూదేకుల సాయిబుని పిలవరా. వాళ్ళ నాన్న మన ఎడ్లకి మర్దన చేసేవాడు. ఆ చెయ్యి ఈయనకీ వచ్చుంటది."

ఆ సాయిబుది పక్క ఊరు. యాభై దాటిన మనిషి. పరుపులు విప్పి దూది ఏకడం వాళ్ళ కులవృత్తి. మిషన్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. బండలాగే పందేల ఎడ్లున్నవాళ్ళు మాత్రం ఎక్కడున్నా ఆయన కోసం మనిషిని పంపేవారు. సన్నగా, వంగినట్టుండేవాడు. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు పెద్దవి.

వచ్చిన మొదటిరోజు వెంటనే ఎద్దు ఒంటి మీద చెయ్యి వేయలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. మా ఆయన చేలో ఉన్నాడు.

"అమ్మాయ్, పగ్గం పట్టుకుంటావా? కొత్త మనిషిని నేను. ఇంటి మనిషి దగ్గరుంటే దానికి ధైర్యం."

నాకు ఎడ్లంటే భయం. అయినా వెళ్ళి పట్టుకున్నాను. ఆముదంలో వెల్లుల్లీ వామూ వేసి కాచిన నూనె గోరువెచ్చగా అరచేతుల్లో రాసుకుని ఆయన మెడ దగ్గర మొదలుపెట్టాడు. నొప్పి ఉన్న జబ్బ దగ్గర కాదు, బాగున్న చోట. అలా అలా జరుగుతూ చాలాసేపటికి జబ్బ మీదకి వచ్చాడు. ఎద్దు చర్మం ఒక్కసారి జలదరించింది.

"దాని చెవులు చూడమ్మా. వెనక్కి పెడితే నొప్పి. నేను ఆగిపోవాలి. దవడలాడించి నెమరు మొదలెడితే హాయిగా ఉందని."

మూడో రోజు నా చేతుల్లో నూనె పోశాడు. నేను వెనక్కి తగ్గాను.

"చూస్తే రాదమ్మా. నేను రోజూ రాలేను. పొద్దున నేను చేస్తే సాయంత్రం ఎవరు చేస్తారు? రా, చెయ్యిటు పెట్టు."

నా చేతి మీద తన చెయ్యి వేయకుండా, పక్కనే తను చేసి చూపిస్తూ చెప్పేవాడు. వేళ్ళతో పొడవకు, అరచేతి మొదలుతో తొయ్యి. ఎముక మీద కాదు, కండ మీద. కింద నుంచి పైకి, గుండె వైపుకి. తర్వాత ఇసుక మూట వేడి చేసి కాపడం. ఆ తర్వాత కాలిని మడిచి, చాచి, మళ్ళీ మడిచి. నా మణికట్లు రెండు రోజులు వాచాయి. ఆ జబ్బ లోపల ఒక గట్టి ముడి ఉండేది, తాటికాయంత. నాలుగైదు రోజులకి అది నా అరచేతి కింద కొద్దిగా మెత్తబడినట్టు తెలిసినప్పుడు నేను చేస్తున్నది ఆపేసి అలాగే నిలబడిపోయాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. తలెత్తితే వసారాలోంచి అత్తగారు నన్నే చూస్తోంది.

పన్నెండో రోజు పొద్దున ఎద్దు కాలు కింద పెట్టింది. ముందు గిట్ట కొస ఆనించింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. తౌడు బొక్కెన వైపు నాలుగడుగులు నడిచింది. మా ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం నేను కంచం పట్టుకెళ్తే అత్తగారు అన్నం వైపు చూడలేదు.

"ఆ నూనె ఇంకా ఉందామ్మాయ్?"

"ఉంది అత్తయ్యా. ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

అంతకన్నా అడగడం ఆవిడకి చేతకాదని నాకు ఆ రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు. మర్నాడు సాయిబుని అడిగాను, మీరు మా అత్తయ్యకి కూడా చేస్తారా అని.

ఆయన నవ్వాడు. "ఆడమనిషికి నేను చెయ్యకూడదమ్మా. ఆవిడా చేయించుకోదు. నీకు ఎద్దు చెప్పేసిందిగా పని వచ్చిందని. ఇంకెవరు చెప్పాలి? అయితే ముందు డాక్టరునడుగు. ఎద్దు వేరు, పక్షవాతం వచ్చిన మనిషి వేరు."

నేను బస్సెక్కి గుంటూరు వెళ్ళి డాక్టరుగారిని అడిగాను. చెయ్యమ్మా, కానీ మెల్లగా చెయ్యి, పడిపోయిన భుజాన్ని లాగొద్దు, కీళ్ళు ఆడించడమే అసలు పని అన్నారు.

మొదటిరోజు ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. దుప్పటి తీసి ఎడంకాలు ఒళ్ళోకి తీసుకున్నాను. కాలు చల్లగా ఉంది. పిక్క సగానికి సగం తగ్గిపోయింది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి పిడికిలి బిగుసుకుని ఉంది. ఒక్కొక్క వేలూ నూనెతో తడిపి, మెల్లగా తెరిచాను. లోపల అరచెయ్యి తెల్లగా నానిపోయి, వాసనేస్తోంది. గోళ్ళు దిగిన గుర్తులు నాలుగు, నెలవంకల్లా. ఆరు నెలలుగా ఆ గోళ్ళు అలా గుచ్చుకుంటుంటే ఎవరమూ చూడలేదు. వేడినీళ్ళు తెచ్చి ఆ అరచెయ్యి కడిగి తుడిచాను. నాకు ఏడుపొచ్చింది. పైకి రానీయకుండా ఆవిడ ముఖంలోకి చూస్తున్నాను, నొప్పిగా ఉందేమోనని.

ఆవిడ కళ్ళు తెరిచింది.

"నా చెవుల వంక చూడబాక. నొప్పెడితే నేను నోటితో చెప్తాలే."

ఇద్దరం నవ్వాం. మూడేళ్ళలో ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదలనుకుంటాను.

ఆ తర్వాత పొద్దున ఎద్దుకీ, పది గంటలకి ఆవిడకీ. చేస్తున్నంతసేపూ ఆవిడ ఏదో ఒకటి చెప్పేది. నెలలు నిండిన కడుపుతో పత్తి ఏరిన సంగతి. మామగారు పోయిన ఏడాది వానలకి మిరపతోట కుళ్ళిపోతే మళ్ళీ నారు పోసిన సంగతి. ఒకరోజు వీపుకి నూనె రాస్తుంటే నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మీ మామయ్య పోయాక నన్ను ఇట్టా ముట్టుకున్నవాళ్ళు లేరే" అంది గోడ వైపుకి తిరిగి. "పడ్డాక మీరందరూ ఎత్తారు, దించారు, కడిగారు. అది వేరు."

నేను చెయ్యి ఆపలేదు.

నెల తిరిగేసరికి కాలి బొటనవేలు కొద్దిగా కదిలింది. నాకు ఆశ పెరిగిపోయింది. ఎద్దు పన్నెండు రోజులకి నడిస్తే ఈవిడ నెలకైనా నడవదా అనుకున్నాను. ఒకరోజు, చెయ్యి ఇంకొంచెం పైకి లేస్తుందని భుజాన్ని గట్టిగా పైకి లేపాను. ఆవిడ కేక పెట్టింది. సాయంత్రానికి భుజం వాచింది. రెండు రోజులు నన్ను దగ్గరికి రానీయలేదు. సాయిబు వచ్చినప్పుడు కొట్టం దగ్గర నిలబడి జరిగింది చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. నూనె చేతులు గడ్డితో తుడుచుకుంటూ అన్నాడు. "నేను కుర్రతనంలో పందెం ఎద్దొకదాన్ని ఇట్టాగే పాడు చేశా. ఎల్లుండి పందెం, ఇవాళే నయమైపోవాలని నలిపేశా. అది మళ్ళీ లేవలా. ఆశ చేతుల్లోకి దిగకూడదమ్మా. దిగితే చెయ్యి బరువెక్కుద్ది."

మూడో రోజు నేను అత్తగారి మంచం పక్కన కూర్చుని, తప్పు చేశాను అత్తయ్యా, తొందరపడ్డాను అన్నాను. ఆవిడ "నేనూ తొందరపడుతున్నాగా, నీకేం తెలుసు" అని, దుప్పటి తనే పక్కకి తీసింది.

వానలు పడేనాటికి ఎద్దు బాగా నడిచేది. కానీ మెట్ట దుక్కికి కట్టినప్పుడు నాలుగు సాళ్ళకే జబ్బ వణికింది. మా ఆయన కాడి విప్పేశాడు. ఆ తర్వాత దాన్ని విత్తనం వేసే గొర్రుకీ, గడ్డిబండికీ తప్ప బరువు పనికి కట్టలేదు. ఇంకో ఏడేళ్ళు బతికి మా కొట్టంలోనే పోయింది. అత్తగారు కార్తీకమాసం నాటికి కర్ర పట్టుకుని వసారా మెట్లు దిగింది. కాలు ఈడ్చుకుంటూనే నడిచేది. చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. పిడికిలి విడింది, గ్లాసు పట్టుకునేది, అంతే. డాక్టరుగారు చూసి, ఇంతవరకు రావడమే చాలా మంచిదన్నారు.

ఊళ్ళో కబురు పాకింది. మిరపకాయ కోతలకి వెళ్ళే ఆడవాళ్ళు మెడ పట్టేసిందనీ, నడుం వంగడం లేదనీ పొద్దుగూకేవేళ వచ్చి వసారాలో కూర్చునేవారు. నాకు వచ్చినంత నేను చేసేదాన్ని. రానిదానికి డాక్టరు దగ్గరికి పొమ్మనేదాన్ని. ముందు చేతులూ మెడా మజ్జిగతో కడుక్కోమని అత్తగారు వాళ్ళకి మంచం మీంచి ఆజ్ఞ వేసేది. మిరపఘాటు అంటిన ఒంటి మీద నూనె రాస్తే మంట ఇద్దరికీ ఎక్కుతుందని ఒకసారి అనుభవమైంది మరి.

తర్వాతి ఏడు నాకు నెలలు నిండాయి. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఒక మధ్యాహ్నం వసారాలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. అత్తగారు కర్ర పక్కన పెట్టి, మెల్లగా జారి నా పక్కన చతికిలబడింది. నా పాదం లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. నేను గాభరాగా వెనక్కి లాక్కోబోయాను.

"అయ్యో అత్తయ్యా, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి?"

"పట్టుకోవట్లా. పిసుకుతున్నా. కదలకుండా కూర్చో."

కుడిచేత్తో కింద నుంచి పైకి, అరచేతి మొదలుతో తోస్తోంది. నేను ఎప్పుడూ చెప్పి నేర్పలేదు. ఎడంచెయ్యి వేళ్ళు నెమ్మదిగా ముడుచుకుని నా మడమని జారకుండా పట్టుకున్నాయి.