రోజీ బోను తలుపు ఎత్తిందెవరు

నమ్మితే నమ్మండి, లేకపోతే ఇంటికెళ్ళి పడుకోండి. నాకు పోయేదేం లేదు. కానీ ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, కల అంతకన్నా కాదు. నేను స్వయంగా పడ్డది. తాగి ఉన్నావా అని ముందే అడగకండి. ఆ రోజు శనివారం. శనివారం మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు, ఇంక మందు సంగతి చెప్పేదేముంది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. సర్కసుల్లో సింహాలను ఆడించకూడదన్నాక, ఆ సింహాలన్నింటినీ ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. అలా వచ్చినవాటి కోసం సింహాచలం కొండకి వెనక వైపు ఒక ఆశ్రయం నడిచేది. సింహాచలం పక్కన నిజం సింహాలేమిటని మా కంచరపాలెంలో అందరికీ నవ్వులాట. నేను అక్కడ పనిచేసేవాణ్ణి. సింహాల దగ్గర కాదు, నాకంత గుండె లేదు. జనం వచ్చి, ముఖ్యంగా బడిపిల్లలు వచ్చి, వీటి కథ తెలుసుకోవాలని అక్కడొక హాలు కట్టారు. ఆ హాలు తయారుచేయడం నా పని. బోర్డుల మీద ఏం రాయాలో రాయడం, ఫొటోలు తగిలించడం, వచ్చినవాళ్ళకి తిప్పి చూపించడం.

రోజీ అని ఒక ముసలి ఆడసింహం ఉండేది. దాని బతుకంతా సర్కసు బోనులోనే గడిచింది. ఇక్కడికొచ్చాక చెట్లూ గడ్డీ ఉన్న పెద్ద ఆవరణ ఇచ్చారు. ఇస్తే ఏం చేసిందనుకున్నారు... గేటు పక్కన, సరిగ్గా తన పాత బోను ఉన్నంత మేర, అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది. కాస్త నడవడం, టక్కున తిరగడం. మళ్ళీ నడవడం, మళ్ళీ తిరగడం. పగలూ రాత్రీ అదే. చుట్టూ ఏ అడ్డూ లేదు. అయినా ఆ మేర దాటి ఒక్క అడుగు అవతల పెట్టేది కాదు. అక్కడి నేల గాడి పడిపోయింది. ముందరి కాలి కింద పుండు లేచింది. పొద్దున మందు వేస్తే సాయంత్రానికి మళ్ళీ రేగేది. తిరగడం ఆపితేనే ఇది మానుతుంది, లేకపోతే ఈ వానాకాలం దాటదని డాక్టరుగారు చెప్పేశారు.

దాన్ని చూసుకునేవాడు నూకరాజు. వాళ్ళది జాలారిపేట, ఇంటిల్లిపాదీ సముద్రం మీద బతికేవాళ్ళు. వీడొక్కడికే పడవ ఎక్కితే వాంతులు. అందుకని ఇటొచ్చాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావ అనేవాడు. రోజీకి పుండు పడ్డాక వీడు సరిగ్గా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. కంచె ఇవతల కూర్చుని దాన్ని బతిమాలుతూ ఉండేవాడు, ఆ సెట్టు కిందకెల్లమ్మా, సల్లగుంటాది ఎల్లమ్మా అని. అది వినేది కాదు.

ఆ ఆశ్రయం నడిపే మేడమ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఎన్ని బోర్డులు రాసినా పిల్లలకి ఎక్కదు, సర్కసులో రోజీ ఉన్న బోనే తెచ్చి హాల్లో పెడదాం, పిల్లల్ని అందులోకి ఎక్కించి ఒక్క నిమిషం తలుపు వేద్దాం, అప్పుడు తెలుస్తుంది అన్నారు. నాకు నచ్చింది. నూకరాజుకి మాత్రం నచ్చలేదు. ఆ బోను దాని కంట పడితే ఇంక ఎప్పటికీ మారదని వాడి భయం. హాలు కిటికీలు అటువైపు లేవు, కనబడదులే అని మేడమ్ సర్దిచెప్పారు.

బోను లారీ మీద వచ్చింది. దించడానికి వన్ టౌన్ నుంచి కళాసీలను పిలిపించాం, ఓడరేవులో బరువులెత్తే మనుషుల్ని. కప్పీ కట్టి, తలో చెయ్యీ గొలుసు మీద వేశాక, వాళ్ళ మేస్త్రీ కేక పెట్టాడు. హాపిస్... అని. హాపిస్ అంటే పైకెత్తమని, ఆరియా అంటే కిందికి దించమని. రేవు మాటలు, మన ఊళ్ళో చాలామందికి తెలిసినవే.

కేక పెట్టాడో లేదో, ఆవరణ వైపు నుంచి నూకరాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. రోజీ ఆగిపోయిందట. గేటుకేసి తిరిగి, చెవులు నిక్కించి, కదలకుండా నిలబడిందట. వాడు దాన్ని తీసుకురావడానికి సర్కసుకి వెళ్ళినప్పుడు చూశాడు, డేరాలెత్తేవాళ్ళ మాట కూడా ఇదే. ఆట వేళకి బోను తలుపు పైకి లాగుతూ హాపిస్ అనేవారు. తలుపు లేచేది, రోజీ బయటికి వెళ్ళేది. మనుషుల మాటల్లో దానికి తెలిసింది ఆ ఒక్కటే.

"ఆ మాట అనకండి బాబూ," అన్నాడు మేస్త్రీతో. "నానోపాలి అని సూసినాను. తలుపు లెగుత్తాదని నిలబడిపోనాది. ఏ తలుపూ లెగనేదు. రెండ్రోజులు కూడు ముట్టనేదు."

కళాసీలకేమో ఆ మాట లేకపోతే చేతులు కదలవు. అది లేకుండా పదిమంది బలం ఒక్కసారి పడదని మేస్త్రీ మొండికేశాడు. చివరికి రాజీ కుదిరింది. అంతంత మనుషులు, చంటిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు గుసగుసగా హాపిస్... హాపిస్... అనుకుంటూ ఆ బోనుని హాల్లోకి చేర్చారు. నేను నవ్వాపుకోలేక పక్కకి వెళ్ళిపోయాను. పని కాగానే అందరూ లారీ ఎక్కి వన్ టౌన్ వెళ్ళిపోయారు.

ఆ బోను తలుపు గురించి చెప్పాలి. అది పక్కకి తెరుచుకునేది కాదు. పైకీ కిందికీ జారే ఇనప పలక. బయట గొలుసు లాగితే లేస్తుంది, గొలుసుని కొక్కేనికి తగిలిస్తే నిలబడుతుంది. ఇద్దరు కలిసి లాగాల్సినంత బరువు. లోపలున్నవాళ్ళకి ఎక్కడా పట్టు దొరకదు. సింహానికే దొరకనిది మనిషికేం దొరుకుతుంది.

మర్నాడు ఆదివారం, బడికి సెలవు కాబట్టి పొద్దున్నే మొదటి బడిపిల్లలు వస్తారు. నాకొక్క పని మిగిలింది. బోను లోపల ఒక చిన్న బోర్డు బిగించాలి, లోపల నిలబడితే తప్ప కనబడనిది. చీకటి పడ్డాక, హాల్లో లైటు వేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని, కళాసీలు ఎత్తి కొక్కేనికి తగిలించి వెళ్ళిన తలుపులోంచి లోపలికి ఎక్కాను. ఒక పక్క బిగించాను... కరెంటు పోయింది.

పోతే పోయింది, అదే వస్తుంది అనుకున్నాను. తడుముకుంటూ వెనక్కి జరిగాను. నేను దేనికి తగిలానో, బోను కదిలిందో... వెనకాల గొలుసు గలగలమంది. ధడేల్మని తలుపు పడింది.

అరిచాను. మెయిన్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, కానీ ఆ గేటెక్కడ, ఈ హాలెక్కడ. నా దగ్గర అప్పటికి సెల్ లేదు. గొంతు పోయేదాకా అరిచి, ఇంక రాత్రంతా ఇక్కడేలే అని మధ్యలో చతికిలబడ్డాను. నిజం చెప్తున్నాను, అప్పటికి నాకు భయం లేదు. చిరాకు. ఆకలి. దోమలు. అంతే.

పైన వెంటిలేటర్‌లోంచి ఉండుండి ఎర్రటి వెలుగు వచ్చేది. స్టీల్ ప్లాంటులో కరిగిన మడ్డి పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడుతుంది కదా, అదే. ఆ వెలుగులో ఊచల నీడలు గోడ మీద పడేవి. మళ్ళీ చీకటి.

ముందు వాసన మారింది. బోనుకి కొత్తగా రంగు వేయించాం, అప్పటిదాకా ఆ రంగు వాసనే. అది పోయింది. తడిసిన గడ్డి వాసన... దానికింద ఉచ్చ వాసన... ఒంటి వేడి వాసన, గేదెల పాకలోకి వెళ్తే ముఖానికి కొట్టేలాంటిది.

తర్వాత చప్పుడు.

చెక్కల మీద... మెత్తగా. మెత్తటిదేదో ఆని, దాని చివర గోరు తగిలినట్టు. తప్... టిక్. తప్... టిక్.

కుడిపక్క నుంచి వచ్చింది. నా ముందు నుంచి వెళ్ళింది. ఎడమపక్క ఊచల దగ్గర ఆగింది... తిరిగింది. తిరిగినప్పుడు చెక్క కిర్రుమంది. మళ్ళీ నా ముందు నుంచి... తప్... టిక్.

ఎలక అనుకున్నాను. కానీ చెక్క కిర్రుమనేంత ఎలక ఎక్కడుంటుంది.

ఎర్ర వెలుగు వచ్చింది. కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. ఏమీ లేదు. ఊచలున్నాయి, చెక్కలున్నాయి, నా కాళ్ళున్నాయి. చప్పుడు మాత్రం నా ముందు నుంచే వెళ్తోంది. చీకట్లో ఆగకపోయినా వెలుతురులో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నేనొకణ్ణి అక్కడున్నట్టే లేదు దానికి.

ఇది చెప్తే నవ్వుతారు. నేను కాళ్ళు ముడుచుకున్నాను. దారికి అడ్డంగా ఉన్నానేమోనని. పాకుతూ మూలకి పోయి ఊచలకి వీపు ఆనించాను. అప్పుడది ఇందాక నా కాళ్ళున్న చోటు మీదుగా నడిచింది. దేవుడి పేరు ఒక్కటీ నోటికి రాలేదు. కానీ ఎంతసేపని భయపడతాం... ఎంతకీ ఆ నడక ఆగకపోయేసరికి, భయం పక్కకి పోయి నాకు ఏడుపొచ్చింది. ఈ ఇరుకులో ఇన్నేళ్ళు ఎలా తిరిగావే తల్లీ అనిపించింది. నా సంగతి తర్వాత, ముందు ఇది బయటికి పోతే బాగుణ్ణనిపించింది.

ఆగింది.

తలుపు దగ్గర ఆగింది. ఊపిరి వినబడింది. లోపలికి... బయటికి... లోపలికి...

అప్పుడు, బోను బయట నుంచి, గుసగుసగా...

"హాపిస్."

మగ గొంతు. నాకు తెలిసిన గొంతు కాదు.

గొలుసు కదిలింది. గల... గల... గల... తొందర లేకుండా, చెయ్యి తిరిగినవాళ్ళు లాగినట్టు. తలుపు లేచింది. పూర్తిగా లేచింది. గడప దగ్గర చెక్క ఒకసారి కిందికి కుంగింది. కాసేపు అలాగే ఉంది... కిర్రుమని పైకి లేచింది.

మళ్ళీ రంగు వాసన.

ఎవరు అని అడిగానో, అడిగాననుకున్నానో తెలీదు. దూకి పరిగెత్తాను. చెప్పులు బోనులోనే ఉండిపోయాయి.

నూకరాజు కంచె దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను రొప్పుతూ ఏదో చెప్పబోతే, ఊరుకోమని చెయ్యి చూపించాడు. టార్చి దూరంగా వేశాడు. ఆవరణ ఆ చివర, చెట్టు కింద గడ్డిలో, రోజీ పడుకుని ఉంది. ఒక పక్కకి ఒరిగి, నాలుగు కాళ్ళూ బారజాపుకుని. అది అలా పడుకోగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడే ఎల్లిపోనాది బావ," అన్నాడు. "తిన్నగా ఎల్లిపోనాది. ఎక్కడా ఆగనేదు."

టార్చి దించి, "వొద్దని సెప్పినాక కూడా ఆ మాట ఎందుకన్నావ్?" అన్నాడు. కోపంగా కాదు.

"నేను అనలేదు. నువ్వు గానీ అన్నావా?" అన్నాను.

వాడు టార్చి నా మొహం మీదకి తిప్పి చాలాసేపు చూశాడు. "నాను ఇక్కడే ఉన్నాను," అన్నాడు. "హాలు కాడ్నుంచి ఇనిపించినాది." నేను గొంతు పోయేలా అరిచిందేమో వాడి చెవిన పడనే లేదట.

ఇద్దరం కలిసి హాలుకి వెళ్ళి చూశాం. ఒక్కణ్ణే అయితే వెళ్ళేవాణ్ణి కాదు. తలుపు పైకి ఎత్తే ఉంది. గొలుసు కొక్కేనికి చక్కగా తగిలించి ఉంది. మనిషి లేడు.

తెల్లారాక విచారించాం. వాచ్‌మన్ గేటు వదలలేదని పిల్లల మీద ఒట్టేశాడు. వన్ టౌన్ వెళ్ళి కళాసీల మేస్త్రీని కూడా అడిగాను, ఒక్కడూ వెనక ఉండిపోలేదు, లెక్కకి లెక్క లారీ ఎక్కామన్నాడు. మేడమ్ అంతా విని, చీకట్లో మూసేస్తే ఎవరికైనా చప్పుళ్ళు వినబడతాయి, తలుపు సరిగ్గా పడి ఉండదు అన్నారు. నూకరాజు కూడా విన్నాడు కదండీ అంటే, వాడు నిద్రపోయి ఎన్నాళ్ళయింది, వాడికి ఏమైనా వినబడుతుంది అన్నారు. కావచ్చు. నేను వాదించలేదు. తలుపు సరిగ్గా పడకపోతే నేను అంతసేపు ఎందుకు అరిచానో మాత్రం నాకు తెలీదు.

రోజీ మళ్ళీ గేటు దగ్గర తిరగలేదు. పుండు మానింది. అది ఆ వానాకాలం దాటింది, ఆ తర్వాత ఇంకొన్ని దాటింది. ముసలితనంతో, ఆ చెట్టు కిందే పోయింది. నూకరాజు పసిపిల్లాడిలా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

హాలు మాత్రం బాగా నడిచింది. పిల్లలు అరుచుకుంటూ బోనులోకి ఎక్కేవారు, తలుపు వేయగానే గొంతులు తగ్గిపోయేవి. ఒక నిమిషం తర్వాత నేనూ నూకరాజూ గొలుసు లాగేవాళ్ళం. ఒకసారి ఒక టీచరమ్మ, పిల్లలందరూ దిగిపోయారు కదండీ, ఇంకా తలుపు ఎత్తి పట్టుకున్నారేమిటి అని అడిగింది. అప్పుడు గమనించాను. ఖాళీ బోనుకి, గొలుసు కొక్కేనికి తగిలించకుండా, తలుపు ఎత్తి పట్టుకుని, చేతులు నొప్పెడుతున్నా, ఇద్దరం అలాగే నిలబడి ఉన్నాం. వాడు వదలడు, నేను వదలను. ఎవరి కోసమని ఒకళ్ళనొకళ్ళం ఎప్పుడూ అడగలేదు.