స్విట్జర్లాండు నాటికకు గౌలిపురా గొంతు

డెబ్బయ్యో దశకం నడుమ ఒక వేసవిలో నన్ను రేడియో కేంద్రంలో బాలల విభాగానికి మార్చారు. హోదా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్. కార్యక్రమం ఎంచుకోవడం, కళాకారులను పిలవడం, రికార్డు చేయించడం, పొరపాటు జరిగితే సంజాయిషీ రాయడం, అన్నీ నా పనే.

చేరిన వారానికే స్విట్జర్లాండు నుంచి పార్సెలు వచ్చింది. అక్కడి జర్మన్ భాషా రేడియోవారు పిల్లల కోసం చేసిన నాటిక. ఒక స్పూలు టేపు, దానికి ఇంగ్లీషు స్క్రిప్టు. కార్యక్రమాల మార్పిడి కింద దాన్ని నెలలోగా తెలుగులో ప్రసారం చేయాలి.

కథ చిన్నది. కొండ ఊళ్లో ఒక పిల్ల పొరుగింటి ఆవు మెడలోని గంట తీసి ఆడుకుంటూ పోగొడుతుంది. నింద పశువుల కాపరి మీద పడుతుంది. చివరికి పిల్ల తానే వెళ్లి ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు పండకపోతే నాటిక లేదు.

స్క్రిప్టును పుస్తకాల తెలుగులోకి మార్చి ఆడిషన్ పెట్టాను. వచ్చినవాళ్లలో పాతబస్తీలోని గౌలిపురా పిల్ల సువర్ణ ఒకతె. తండ్రి బస్సు డిపోలో ఫిట్టరు. గొంతు బాగుంది కానీ, రాళ్ల మీద అడుగు వేసినట్టు ఒక్కో మాటా తడుముకుంటూ చదివింది. ఇంట్లో మాట్లాడినట్టు చెప్పమన్నాను.

"ఇంట్ల మాట రేడియోల జెప్తే నగుతరు సార్," అంది.

నేను పుట్టిందీ ఆ పక్కనే, లాల్‌దర్వాజలో. ఉద్యోగంలో చేరిన రోజే 'వచ్చిన'ను 'వచ్చాను'గా మార్చుకున్నవాణ్ణి. ఆ పిల్ల పేరు జాబితాలో ఉంచాను. స్టేషన్ డైరెక్టరు కొట్టేశారు. పిల్లలు రేడియో విని భాష నేర్చుకుంటారని, యాస మనమే నేర్పకూడదని ఆయన అభిప్రాయం.

ఇంతలో మరో చిక్కు వచ్చింది. గంట చప్పుడు, ఆవు అరుపు ఏ మాట తర్వాత రావాలో గుర్తించాలంటే అసలు సంభాషణ అర్థం కావాలి. అందుకని ఊళ్లో జర్మన్ నేర్పే సుశీలగారిని పిలిచి టేపు వినిపించాను. కాసేపు విని ఆపమన్నారు.

"ఇది నేను నేర్పే జర్మన్ కాదండీ. నాకే సగం అర్థం కావడం లేదు."

అక్కడ వార్తలు, పాఠాలు పుస్తకాల జర్మన్‌లో ఉంటాయని, ఇంట్లో మాత్రం తమ ప్రాంతపు మాటే మాట్లాడతారని, పిల్లల నాటికలూ చాలావరకు అందులోనే చేస్తారని ఆమె వివరించారు. ఇంగ్లీషు స్క్రిప్టులో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఆ మాటలే కాగితం మీద రాయించుకుని, టేపుతో డైరెక్టరు గదికి వెళ్లాను. మూలానికి కట్టుబడాలంటే నాటికలోని పిల్ల మన ప్రాంతపు మాటే మాట్లాడాలని, అందుకు సువర్ణే తగినదని వాదించాను. ఆయన టేపు చివరిదాకా విన్నారు.

"ఒక్క ప్రసారానికి ఒప్పుకుంటాను, నరహరిగారూ. ఫిర్యాదులొస్తే జవాబులు మీరే రాయాలి."

మరునాడు నయాపూల్ వంతెన దాటి గౌలిపురా వెళ్లాను. సువర్ణ, వాళ్లమ్మ చెరోపక్క కూర్చుని స్క్రిప్టులో ఒక్కో వాక్యం తమ మాటలోకి దిద్దారు. వాళ్లమ్మ మధ్యలో నా వైపు అనుమానంగా చూసి, "నిజంగ గిట్లనే ఒస్తదా సార్? తర్వాత మార్సరు గదా?" అని అడిగింది. మార్చబోమని మాటిచ్చాను.

రికార్డింగు రోజు ఒప్పుకోలు ఘట్టం మొదటిసారికే కుదిరింది.

"గంట నేనే పోగొట్టిన. ఆయన్నేం అనకుండ్రి. మా అమ్మకు నేనే జెప్త."

అద్దం అవతల ఇంజినీరు టేపు ఆపడం మరిచిపోయాడు.

ప్రసారమయ్యాక భాష పాడైపోయిందంటూ ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఘాటుగా రాశాడు. ఇంకొందరు వంత పాడారు. అందరికీ జవాబు రాశాను. పాతబస్తీ పిల్లల ఉత్తరాలూ వచ్చాయి. "గా పిల్లది ఏ గల్లీ?" అని వాళ్ల ప్రశ్న. డైరెక్టరు అన్నీ చదివి, ఫైలు మీద "అవసరమైన చోట కొనసాగించవచ్చు" అని రాసి సంతకం చేశారు. అవసరమన్న మాటకు నేను చాలా విశాలమైన అర్థం చెప్పుకున్నాను. సువర్ణ పెద్ద తరగతులకు వెళ్లేదాకా మా నాటికల్లో పాల్గొంది.

కాగితం మీదికి ఎక్కని విషయమే ఒక్కోసారి కార్యక్రమానికి ముఖ్యమని ఆ పార్సెలు నాకు నేర్పింది. ఆ తర్వాత పరాయి భాష నుంచి ఏది వచ్చినా, ఆ భాష తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని టేపంతా విన్నాకే అనువాదం మొదలుపెట్టాను.