మేట్రనమ్మ కూర్చోలేదు

మీరు ఆమెన్ అనలేదు. పేర్లు రాయను. ఆ ఆదివారం చర్చిలో ఉన్నవాళ్ళకు ఎవరికి వాళ్ళకు తెలుసు.

మా మేనత్త మొన్న మంగళవారం పొద్దున పాల్వంచ దవాఖానాలో పోయింది. గుండె. కబురు తెలిసిన కాసేపటికే మీ ఫోన్ల నుంచి పావురం బొమ్మలు, తెల్ల పూలు వరసపెట్టి వచ్చాయి. ప్రభునందు నిద్రించారు అని కింద రాసి. నిద్రపోయింది ఆమేనా, ఇంకెవరన్నానా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

సంఘ పత్రికకు స్మృతి రాయమని అడిగింది పాస్టరుగారే. "ఒక పేజీ చాలు, నాలుగు మంచి మాటలు" అన్నారు. నా నోటి సంగతి తెలిసీ అడిగారంటే అది ఆయన ధైర్యమో, మరుపో. మంచి మాటలు ఉన్నాయి. ముందు అవే రాస్తాను.

చర్చి వెనక ఉన్న ఆడపిల్లల హాస్టలుకు ఆమె మేట్రన్. అడవి పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తల దువ్వింది, అన్నం పెట్టింది, దెబ్బలూ వేసింది. అన్నం దగ్గర కూర్చున్న ప్రతి పిల్ల చెయ్యీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. సబ్బు వాసన రాకపోతే మళ్ళీ పంపు దగ్గరికే. హాస్టలు మూతబడ్డాక పిల్లలు పోయారు, ఆమె పోలేదు. ముందు గదిలోనే ఉండిపోయింది. తాళంచెవి కొంగు చివర ముడేసి ఉండేది.

శ్రీరామనవమి ముందు భద్రాచలం నడిచిపోయే ఆడవాళ్ళకు హాస్టలు బాత్రూములు తెరిచేది. బక్కెట్లు నింపి పెట్టేది. ఒకసారి సంఘ పెద్ద ఒకాయన గేటు దగ్గర ఆగి, "అమ్మా, వాళ్ళు పోయేది ఎక్కడికో తెలుసా?" అన్నాడు.

"తెలుసు. అందుకే కాళ్ళు కడుక్కుంటున్నరు. నువ్వు జరుగు, నీళ్ళు పారుతున్నయి" అంది.

ఇక సాక్ష్యాలు. బయటివాళ్ళ కోసం చెప్తున్నా: ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. కొడుక్కి సీటు వచ్చింది, షుగరు తగ్గింది, గృహప్రవేశం అయింది. చెప్పడం అయ్యాక అందరూ ఆమెన్ అంటారు, చెప్పినవాళ్ళు కూర్చుంటారు. మా అత్తమ్మ ఆడవాళ్ళ వైపు రెండో స్తంభం పక్కన చాప మీద కూర్చునేది. లేచినప్పుడు ఎడమ చెయ్యి ఆ స్తంభానికి ఆనించేది. ఏళ్ళ తరబడి ఆ చోట సున్నం పోయి, చెయ్యంత మేర నల్లబడింది.

ఆమె సాక్ష్యం మొదలు బాగానే ఉండేది. "సంఘానికి వందనాలు. మోకాళ్ళ నొప్పి తగ్గింది, స్తోత్రం." మీ పెదాల మీదికి ఆమెన్ వచ్చేలోపే, "ఇంకో సంగతి" అనేది. మన గేటు పక్క కాలువలో వాడ పిల్లలు జారి పడుతున్నరు, ఆ మురుగు మనదే. ఫలానా ఇంట్లో కోడల్ని కొడుతున్నరు, ఆ ఇంటాయన ఇప్పుడు మూడో వరసల ఉన్నడు. చెప్పి నిలబడేది. ఆమెన్ అనేదాకా కూర్చునేది కాదు. మీరు గొణిగినట్టు అంటే, "వినరాలే" అనేది.

"ఎందుకత్తా, వాళ్ళను అట్ల ఇరికిస్తవు?" అని అడిగాను ఒకసారి.

"ఆమెన్ అంటే సంతకం అల్లుడా. పెట్టినోడు రేపు తప్పించుకోలేడు."

కాలువ మీద బండలు పడ్డాయి. మూడో వరసాయన కొన్నాళ్ళు వెనక వరసలో కూర్చున్నాడు. ఆమె రాజకీయం అంతే. జెండా లేదు, పార్టీ లేదు. మా ప్రగతిశీల మిత్రులు ఒకసారి ఆమెను ఖమ్మంలో రౌండ్ టేబుల్ సమావేశానికి పిలిచారు. "టేబుల్ గుండ్రంగుంటే ఏంది, తిననీకి ఏమన్న ఉంటదా?" అని అడిగింది. వెళ్ళింది, ఫోటో దిగింది. తర్వాత ఆమెకు నిజంగా మనుషులు కావలసి వచ్చినప్పుడు ఆ ఫోటోలో ఉన్నవాళ్ళెవరూ రాలేదు. మిత్రులారా, ఈ పత్రిక మీకూ పంపిస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. రాష్ట్రం సరిహద్దు అవతలి అడవి పల్లె నుంచి నాలుగు కుటుంబాలు వచ్చాయి. ప్రార్థన చేసుకుంటున్నారని సొంత ఊరివాళ్ళే ఇళ్ళు కూలగొట్టారు. తెలుగు అంతంత మాత్రం. అత్తమ్మ కొంగు ముడి విప్పి హాస్టలు తెరిచింది. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. గేటు ముందు బండి ఆగితే చాలు, ఆడుకుంటున్న పిల్లలు లోపలికి పోతారు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం మన చర్చి ప్రహరీ గోడకు శంకుస్థాపన. గోడకు డబ్బిస్తానన్న నాయకుడొకాయన, రేపు ఎన్నికల్లో నిలబడబోయేవాడు, మనం కప్పిన శాలువాతో ముందు కుర్చీలో కూర్చున్నాడు. సాక్ష్యాల సమయంలో అత్తమ్మ లేచింది.

"సంఘానికి వందనాలు. మన హాస్టల్ల నాలుగు కుటుంబాలున్నయి. ఇండ్లు పోయినయి. వాళ్ళు ఇక్కడనే ఉంటరు. పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. వచ్చిన సారు గూడ వినాలె."

చెయ్యి స్తంభం మీద ఉంది. మీలో కొందరు పాటల పుస్తకం తెరిచారు. పాస్టరుగారు మెల్లగా, "అమ్మా, కూర్చోండి" అన్నారు.

"కూర్చుంటనయ్యా. ఆమెన్ అననియ్యి."

నాయకుడు మాట్లాడటానికి లేచాడు. తన మీద గౌరవంతో నిలబడిందనుకుని "పెద్దమ్మా, పర్లేదు, కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. వెనక తలుపు దగ్గర ఉన్న నేను గట్టిగా ఆమెన్ అన్నాను. తిరిగి చూసింది. "నువ్వు క్రిస్మస్‌కు తప్ప రావు. నీది చెల్లదు" అంది. నవ్వారు మీరు. నవ్వడానికి నోళ్ళు తెరుచుకున్నాయి. ఆశీర్వాదం అయ్యి, బిర్యానీ పొట్లాలు పంచేదాకా నిలబడే ఉంది. ఆ మోకాళ్ళతో.

మరుసటి వారం నుంచి సాక్ష్యాలు ముందుగా పెద్దలకు చెప్పాలన్నారు. ఆ తర్వాత సాక్ష్యాలే లేవు.

మీ భయం నాకు తెలుసు. ఆదివారం గేటు బయట బండ్ల మీద కుర్రాళ్ళు ఆగి ఫోన్లలో మన ముఖాలు తీస్తున్నారు. మీలో చాలామందికి కులం సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఒక మతం. ఒక వీడియో చాలు, ఉద్యోగం మీదికి వస్తుంది. బక్కెట్ల దగ్గర అడ్డం వచ్చిన ఆ సంఘ పెద్దే నాతో అన్నాడు: "మీ అత్తమ్మ మంచిదే తమ్మీ. రేపు నా బిడ్డ నౌకరీ పోతే మీ అత్తమ్మ ఇస్తదా? మనం ప్రార్థన చేసుకునేటోళ్ళం, మనకెందుకీ రాజకీయాలు?"

మరి శాలువా ఏంటన్నా? ఆ గోడ ఏంటి? నాయకుడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది ఏంటి? రాజకీయం మనం ఎప్పుడో మొదలుపెట్టాం. బలమున్నవాడితో చేస్తే దీవెన, ఇల్లు పోయినవాడితో చేస్తే రాజకీయం. ఇదీ మన లెక్క. రేపు ఆ కూలగొట్టడం మన గేటు దాకా వచ్చినప్పుడు ఆ నాయకుడు ఫోన్ ఎత్తుతాడని మీకు నిజంగా నమ్మకముందా? నాకు లేదు. నిద్ర పట్టడం లేదు నాకు.

ఈ మాటే అత్తమ్మతో అంటే, ఆమె మిమ్మల్నే వెనకేసుకొచ్చింది. "భయపడ్డోళ్ళతోనే నాకు పని. భయం లేనోడు ఆ శాలువాయన, ఆయన రేపు పోతడు." ఇంకోమాట అనేది: "కండ్లు మూసుకొని ప్రార్థన చేయుర్రి. అయినంక తెరువుర్రి."

మట్టి వేసి ఇంటికొచ్చామో లేదో, ఆ సంఘ పెద్దే వచ్చి హాస్టలు తాళంచెవి అడిగాడు. ఈ ఆదివారం జ్ఞాపకార్థ కూడిక అయ్యాక ఖాళీ చేయిస్తారట. తాళంచెవి నా దగ్గరుంది. ఇవ్వలేదు. ఆ నాలుగు కుటుంబాల్లో ఒక తల్లి నిన్న నా దగ్గరికొచ్చి, వచ్చిన తెలుగులో ఒక్కటే అడిగింది: "ఆదివారమా?" జవాబు మీ దగ్గరుంది.

అడుగుతున్నవి ఇవి:

ఆ నాలుగు కుటుంబాలను హాస్టలు నుంచి కదిలించొద్దు.

ఎవరైనా వచ్చి వాళ్ళెవరని అడిగితే, మా వాళ్ళని చెప్పండి. ఒక్కరే చెప్పలేకపోతే పదిమంది కలిసి చెప్పండి.

ఎన్నికలయ్యేదాకా ఏ పార్టీవాడికీ మన చర్చిలో కుర్చీ వేయొద్దు.

సాక్ష్యాలు మళ్ళీ పెట్టండి, ముందు అనుమతి లేకుండా.

క్రిస్మస్‌కు సున్నం వేసేటప్పుడు ఆ రెండో స్తంభం మీద చెయ్యి గుర్తు వదిలేయండి.

ఆదివారం అక్కడ నిలబడి ఆమె మాటే మళ్ళీ చెప్తాను. నాది చెల్లదు కాబట్టి, మీరు ఆమెన్ అనండి. వినబడేట్టు.