సుగుణ ఆంటీ చూసిన బొమ్మలు

పోయిన నెల పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద గోడలకు బొమ్మలు వేస్తున్నారు. ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే పచ్చి రంగు ఘాటు ముందు ముక్కుకు తగిలింది, తర్వాత బొమ్మ కనిపించింది. పెద్ద కుంకుమ బొట్టు, ముక్కెర, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని పక్కకు తిరిగి కూర్చున్న ఆడమనిషి. ఎవరి గీతను చూసి వేశారో ఒక్క చూపులో తెలిసిపోయింది. ఆ చిత్రకారుడి పేరు చెబితే మీలో చాలామందికి తెలుస్తుంది గానీ, సుగుణ ఆంటీ ఆయన్ని ఎప్పుడూ "మన పెద్దాయన" అనేది, నాకూ అదే అలవాటైంది. పెద్దాయన గీసిన ఆ మనిషికి వీపు మీద బట్ట ఉండదు. గోడ మీద ఈమెకు మాత్రం మెడ దాకా ఆకుపచ్చ రవిక తొడిగారు. పక్కన బస్సులు హారన్లు కొడుతుంటే అక్కడే నిలబడిపోయాను. చెవులు వేడెక్కాయి. సుగుణ ఆంటీ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందుగా వచ్చేది ఈ సిగ్గే.

ఆమె అమీర్‌పేటలో మా కింది వాటాలో ఉండేది. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మాదీ ఆమెదీ ఒకటే చర్చి. అక్కడ సండే స్కూల్ పిల్లలకు ఆమె ఎన్ని ఏళ్ళుగా పాఠం చెబుతోందో అడిగితే, "మీ అమ్మ రెండు జడలు వేసుకుని వచ్చినప్పటి సంది" అనేది. నేను ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు డెమో క్లాసు ఎప్పుడో చెప్పే పని చేసేదాన్ని. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ఆ వెలితి పూడ్చుకోవడానికి గ్రంథాలయంలో దొరికిందల్లా చదివాను. చరిత్ర చదివాను, శిల్పం గురించి చదివాను, చిత్రకళ మీద ఉన్న పుస్తకాలైతే రెండేసి సార్లు చదివాను. కౌంటర్ దగ్గరికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలకంటే నాకే ఎక్కువ తెలుసని లోపల గట్టి నమ్మకం ఉండేది.

ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని పెద్దాయన బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే ఆంటీ కూరగాయల సంచితో వచ్చి పక్కన కూర్చుంది. మేకలు, కల్లు కుండలు, పసుపు రాసుకున్న ముఖాలు చూస్తూ నెమ్మదిగా పేజీలు తిప్పింది. నేను ఆయన ఎక్కడ చదువుకున్నదీ, ఏ దేశంలో బహుమతి వచ్చిందీ చెప్పుకుంటూ పోతున్నాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఇవి నిజంగ యాడున్నయ్ బిడ్డా? పోయి చూడొచ్చా?"

అన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు. నా లెక్కలో బొమ్మలు పుస్తకాల్లోనే ఉండేవి.

బంజారా హిల్స్‌లో ఒక గ్యాలరీలో ఉన్నాయని తెలుసుకుని శనివారం ఇద్దరం బయల్దేరాం. ఆటో దిగాక నేను రోడ్డు పక్కనే ఆగిపోయాను. అద్దాల తలుపు, లోపల ఏసీ, గేటు దగ్గర నల్ల సూటు వేసుకున్న గార్డు. నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఇంకోసారి వద్దాం ఆంటీ, మూసేసినట్టున్నారు అన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు సవరించుకుని, "ఆపరేషన్ థియేటర్ తలుపు కంటె పెద్దదా ఇది" అని తోసుకుని పోయింది. గార్డు నమస్తే పెట్టాడు. లోపల నా భయమంతా వాగుడుగా మారింది. గీత గురించి, రంగుల గురించి పుస్తకంలో చదివిన వాక్యాలన్నీ వరసగా అప్పజెబుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని మెల్లగా అంది: "పోయేటప్పుడు బస్సుల చెప్దువు గాని. ఇప్పుడు జర చూడనియ్యి."

అట్లా మొదలైంది. ఆ తర్వాత ఆయన బొమ్మలు ఎక్కడ పెట్టినా, సెలవు దొరికితే వెళ్ళేవాళ్ళం. బెంగళూరు వెళ్ళాం, ఒకసారి ముంబై కూడా. టికెట్లు బుక్ చేయడం నా వంతు, చపాతీలూ టమాట పచ్చడీ ఆమె వంతు. రైల్లో నేను చదివినదంతా చెప్పేదాన్ని. ఆమె నిజంగానే వినేది, మధ్యలో గట్టి ప్రశ్నలు వేసేది, పక్క సీటువాళ్ళతో "మా శాంతి మస్తు చదువుతది" అని గొప్పలు కూడా చెప్పుకునేది. నా చదువును చూసి మురిసిపోయిన మనిషి అంతకు ముందు లేరు, తర్వాతా లేరు.

చెన్నైలో పెద్ద ప్రదర్శన. ఒక గది నిండా ఆయన వయసులో ఉన్నప్పుడు గీసిన రేఖాచిత్రాలే. దాదాపు అన్నీ నగ్నంగా ఉన్న ఆడవాళ్ళవి. తలుపు దగ్గరే నేను తల వంచుకున్నాను. కళ గురించి ఎంత చదివినా, పక్కన సండే స్కూల్ టీచర్ ఉండగా ఎటు చూడాలో తోచలేదు. ఆంటీ నేరుగా వెళ్ళి మధ్యలో ఉన్న బల్ల మీద కూర్చుంది. ఎదురుగా ఒక నడివయసు స్త్రీ బొమ్మ. పని అయిపోయాక నీళ్ళు పోసుకుని, జుట్టు పిండుకుంటూ కూర్చున్నట్టుంది. జారిన రొమ్ములు, ముడతలు పడ్డ పొట్ట. ఎవరైనా చూస్తున్నారేమో అన్న ఊహ కూడా లేనట్టు నిమ్మళంగా ఉంది. ఆంటీ చాలాసేపు లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాక, బొమ్మ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే మాట్లాడింది.

"వార్డుల ఎంతమందికి ఒళ్ళు తుడిచిన్నో లెక్క లేదు శాంతీ. ఒక ముసలామె ఉండె. ఒళ్ళు తుడుస్తుంటె కండ్లు గట్టిగ మూసుకునేది, తను చూడకపోతె మేం సుత చూడనట్టు. పానం పోయేటప్పుడు సుత దుప్పటి గుంజుకుంటనే ఉండె. అందరు గట్లనే. సిగ్గుపడకుంట ఉన్న ఆడమనిషి ఒళ్ళు నేను ఒక్కటి సుత చూడలే. గీమెను చూడు, ఎంత నిమ్మళంగ కూసుందో."

అప్పుడు నేను తలెత్తి చూశాను. అంతకు ముందు ఎన్నో బొమ్మల గురించి చదివాను గానీ, నేను మొదటిసారి ఒక బొమ్మను చూసింది ఆ రోజే అనుకుంటాను.

లేచేముందు తన ఫోన్ నా చేతికిచ్చి, ఆ బొమ్మ పక్కన నిలబడి ఫొటో తీయమంది. చేతిలో హ్యాండ్ బ్యాగు, ముఖం నిండా నవ్వు. తిరుగు రైలు ఎక్కగానే ఆ ఫొటోను మా చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "దేవుడు చేసిన రూపం ఎంత చక్కగున్నదో చూడండ్రి" అని కింద రాసింది. వంటల ఫొటోలు, బైబిల్ వాక్యాలు పెట్టుకునే అక్కచెల్లెళ్ళకు తాను చూసిన మంచి వస్తువు చూపించాలనుకుంది, అంతే. రైలు సికింద్రాబాద్ చేరేసరికి ఆ ఫొటో చర్చిలో అందరి ఫోన్లలోకీ చేరింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను వెస్ట్రీలోకి, అంటే చర్చి వెనక పాస్టర్ గారి గదిలోకి, పిలిచారు. నేనూ వెంట వెళ్ళాను. పాస్టర్ గారిని మేం అయ్యగారు అంటాం. చిన్న వయసు, మెత్తని మనిషి. ఆయన పక్కన సంఘ పెద్ద ప్రసాదరావు గారు కూర్చున్నారు. నేను ఏమేం మాట్లాడాలో రెండు రోజులుగా సిద్ధం చేసుకున్నాను. బైబిల్ ఆదికాండంలో సిగ్గెరగని మొదటి మనుషుల దగ్గర మొదలుపెట్టి, ప్రపంచంలోని పెద్ద పెద్ద చర్చిల గోడల మీద ఉన్న బొమ్మల దాకా. నోరు తెరవబోతే ఆంటీ బల్ల కింద నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ప్రసాదరావు గారు కోపంగా మాట్లాడలేదు. ఆ మర్యాదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "మిమ్మల్ని తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరమ్మా" అన్నారు. "లోపల ఏం బొమ్మలున్నాయో తెలియక వెళ్ళానని ఒక్క మాట అనండి, ఇక్కడితో అయిపోద్ది. అది కూడా అనకపోతే, పిల్లల్ని మీ క్లాసుకి ఎట్లా పంపాలని తల్లులు అడుగుతున్నారు. వాళ్ళకి నేనేం చెప్పాలి?"

గది బయట వరండాలో ఆ పిల్లలే కేరింతలు కొడుతున్నారు. ఆమెకు ఇల్లు లేదు, సంసారం లేదు అని జాలిపడేవాళ్ళకు ఆమె ఎప్పుడూ వాళ్ళనే చూపించేది. ఇప్పుడు ఆ ఒక్క మాట అనకపోతే వాళ్ళను దూరం చేస్తామంటున్నారు. ఆంటీ అయ్యగారి వైపు చూసింది. ఆయన బైబిల్ అంచును వేలితో రుద్దుకుంటూ ఉండిపోయాడు.

"తెలియక లోపలికి పోయిన అయ్యగారూ" అంది.

అయ్యగారి ముఖం తేటపడింది. అందరం లేచి నిలబడ్డాం. తెలియక చేసినదాన్ని క్షమించమని, ఆమె కళ్ళను కాపాడమని ఆయన ప్రార్థన చేశాడు. చివర అందరితో పాటు నేను కూడా ఆమెన్ అన్నాను.

ఎర్రమంజిల్ మీదుగా నడిచి ఇంటికి వస్తున్నాం. ఎందుకట్లా అన్నావు ఆంటీ అని అడిగాను.

"వచ్చే వారం దావీదు పాఠం. ఆ రాక్షసుడు గొల్యాతు లెక్క ఎవరు అరుస్తరు, ప్రసాదరావు అరుస్తడా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. కొంత దూరం నడిచాక ఆగి నా వైపు తిరిగింది. "నన్ను చూస్తె సిగ్గైతుందా శాంతీ?"

"లేదాంటీ" అన్నాను. సిగ్గైంది. గార్డులనూ అద్దాల తలుపులనూ లెక్కచేయని మనిషి అంత మెత్తగా తల వంచడం నేను ఓర్చుకోలేకపోయాను. ఆమెకు అది తెలిసిందనే నా అనుమానం.

దావీదు పాఠం ఆమే చెప్పింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు చెప్పింది. బొమ్మలు చూడటానికి మాత్రం మళ్ళీ రాలేదు. ఎప్పుడు పిలిచినా మోకాళ్ళ నొప్పులని, ఎండలని అనేది. నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. వచ్చాక ఏం చూశానో చెప్పబోతే, "నాకెందుకు బిడ్డా, పుస్తకంల చూస్తలే" అని మాట మార్చేది.

పోయిన ఏడాది ఆమె చనిపోయింది. జ్ఞాపకార్థ కూటంలో నన్ను మాట్లాడమన్నారు. ఆమె దగ్గర పాఠం నేర్చుకున్న పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కూర్చున్నారు. ముందు వరుసలో ప్రసాదరావు గారు చేతికర్ర పట్టుకుని ఉన్నారు. ఆసుపత్రి సేవ గురించి చెప్పాను, పాటలు నేర్పిన తీరు చెప్పాను, గొల్యాతులా అరిస్తే చిన్నపిల్లలు బల్లల కింద దూరేవాళ్ళని చెప్పి అందరినీ నవ్వించాను. చెన్నై అన్న మాట నా నోట రాలేదు. మైకు నా చేతిలోనే ఉంది, అప్పుడు నా చెయ్యి నొక్కేవాళ్ళు కూడా లేరు. నన్ను అడ్డుకున్నది ముందు వరుసలోని ఆ ముఖాలు మాత్రమే. కూటం అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి చాలా బాగా మాట్లాడావన్నారు.

అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆమెను ఎన్నడూ చూడని మీ ముందు రాయడం తేలిక, అది కూడా నాకు తెలుసు. సుగుణ ఆంటీ చెన్నైలో ఆ గదిలోకి తెలియక వెళ్ళలేదు. తలుపు దగ్గర నేను ఆగిపోతే ఆమె ఆగలేదు. ఎదురుగా కూర్చుని, తనకు కావలసినంతసేపు, కళ్ళు తెరుచుకుని చూసింది.