అగరొత్తి పొగ

దేవుడి దగ్గర అగరొత్తి వెలిగిస్తే ఇప్పటికీ ముందు పొగ ఎటు పోతోందో చూస్తాను. అది ఫిజీ అంకుల్ అంటించిన అలవాటు.

ఆయన ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన. తొంభైల మొదట్లో మెల్‌బోర్న్‌లో గ్యాస్ హీటర్లు బాగుచేసేవారు. జేబులో పెన్నుకు బదులు అగరొత్తి ఉండేది. ఏ ఇంటికెళ్లినా స్క్రూడ్రైవర్ కంటే ముందు అదే తీసేవారు.

ఆ చలికాలం నాకు రోజూ తలనొప్పి. చలికే అనుకున్నాను. ఇల్లంతా వేడిచేసే మా పాత గ్యాస్ హీటర్‌లో మంట నీలం నుంచి పసుపురంగుకి తిరిగితే ఆయన్ని పిలిచాం. అగరొత్తి వెలిగించి హీటర్ పక్కన పట్టుకున్నారు. గొట్టంలోంచి బయటికి పోవాల్సిన పొగ గదిలోకి తిరిగొచ్చింది.

"వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశావా అమ్మా?"

"పొద్దస్తమానం వేసే ఉంచుతాను అంకుల్. పోపు వాసనొస్తే ఓనర్ గొడవ చేస్తాడు. చలికి కిటికీలు కూడా తియ్యను."

"బయటికి పోవాల్సిన, మత్తెక్కించే విషవాయువుని ఆ ఫ్యానే లోపలికి లాగుతోంది. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"పాప ఉంది. బంగారు తల్లి, వారం నుంచి ఏడుపే లేదు, ఒకటే నిద్ర," అన్నాను గొప్పగా.

ఆయన హీటర్ కట్టేసి, గదిలోకి పరుగెత్తి, పాపని దుప్పటితో సహా పెరట్లోకి తీసుకుపోయారు. చల్లగాలి తగిలిన కాసేపటికి అది గుక్కపట్టి ఏడ్చింది. ఊరుకోబెట్టడానికి చేతులు చాపాను.

"డాక్టర్ దగ్గరికి వెళ్దాం. అందాకా ఏడవనీ అమ్మా," అన్నారాయన, దాన్ని పొదువుకుని. "ఏడవనీ."