మల్లన్న మీసాలకు వెండి పూత

నెల కిందట నా చేతిలో ఇరవై రెండు వేలు ఉండేవి. ఇప్పుడు నా చేతిలో ఒక మీసాల జత ఉంది. నావి కాదు లెండి, మల్లన్న దేవుడివి!

ఎట్లా వచ్చాయో వినండి. ఆ డబ్బుతో చిన్న పవర్ సప్లై, ప్లాస్టిక్ తొట్టి, వెండి ద్రావణం, వెండి రేకు కొని, మట్టెవాడలో మా ఇంటి వెనక షెడ్డులో ప్లేటింగ్ మొదలుపెట్టాను. పని సింపుల్. వెండి రేకును ప్లస్ వైరుకు, వస్తువును మైనస్ వైరుకు తగిలించి ద్రావణంలో వేలాడదీయాలి. కరెంటు ఇస్తే రేకులోని వెండి ద్రావణంలోకి దిగుతుంది, ద్రావణంలోని వెండి వస్తువు మీదికి చేరుతుంది. ఎన్ని ఆంప్స్, ఎన్ని నిమిషాలో చెప్పండి, ఎంత వెండి ఎక్కుతుందో నోటితోనే లెక్క చెప్పేస్తాను.

మొదటి ఆర్డర్ తొర్రూరు దగ్గరి పల్లె నుంచి కొమురయ్య తాత తెచ్చాడు. మనుమడికి నయమైతే మల్లన్నకు వెండి మీసాలు పెడతానని మొక్కుకున్నాడట. పిల్లవాడు దవాఖాన నుంచి బాగై వచ్చాడు. అచ్చంగా వెండివి చేయించే స్తోమత లేదు. అందుకని గుడిలోని పాత ఇత్తడి మీసాలకే పూత.

"ఆదివారం గుడి ముంగట రంగుల ముగ్గుతోని పట్నం ఏసి పండుగ జేస్తానం బిడ్డా. ఆ యాల్లకు తెల్లగ మెరువాలె."

"ఫికర్ చెయ్యకు తాతా. శనివారం పొద్దుగాల వచ్చి తీస్కపో" అన్నాను, పెద్ద కంపెనీ ఓనర్‌లా!

ఈ పనిలో అన్నిటికంటే పెద్ద నియమం, జిడ్డు ఉండొద్దు. జిడ్డు మీద పూత అంటదు. మీసాలు తోమాను, కడిగాను, నీళ్లు పోసి చూశాను. నీళ్లు ఎక్కడా చుక్కలుగా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకున్నాయి. అంటే జిడ్డు సున్నా!

అట్లాగే తొట్టిలో వేస్తే ఈ గోలే లేదు. కానీ బోణీ కదా! పైగా దేవుడి సొమ్ము.

"అమ్మా, జర బొట్టు పెట్టవా?" అని నేనే పిలిచాను.

అమ్మ అప్పుడే దీపంలో నూనె పోసి వచ్చింది. అదే వేలితో కుంకుమ అద్ది, ఒక మీసానికి మూడు, ఇంకో మీసానికి రెండు బొట్లు పెట్టింది. ఇద్దరం దండం పెట్టుకున్నాం. తర్వాత నీళ్లతో కడిగేశాను. ఎరుపు పోయింది, ఇంకేముంది అనుకున్నాను.

తొట్టిలోంచి తీస్తే మీసాలు ధగధగ! ఇవాళ పొద్దున తాత ఎదురుగానే మెరుగు పెడదామని గుడ్డతో రుద్దాను. బొట్టు పెట్టిన చోటల్లా వెండి ఉల్లిపొరలా ఊడొచ్చింది. ఐదు బొట్లు, ఐదు పచ్చటి ఇత్తడి మచ్చలు. లెక్క మాత్రం సరిపోయింది!

తాత మీసాలను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏంది బిడ్డా, దేవుడు చాయ్ తాగి మూతి తుడుసుకోలేదా?"

నవ్వుదామంటే నవ్వు రాలేదు. "తప్పు నాదే తాతా. పైసలు వాపస్ ఇస్త."

"పైసలు దేవుని మూతికి అతికియ్యాల్నా? మీసాలు నేనే పెడ్తనని పోరడు నిన్నటిసంది ఎగురుతాండు. వానికేం చెప్పాలె?"

మీసాలు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. "నువ్వు పో తాతా. రేపు పట్నం ఏసే యాల్లకు నేనే తెచ్చిస్త" అన్నాను. అమ్మ తెచ్చిన చాయ్ ముట్టకుండానే తాత బస్సుకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

పూత మొత్తం గీకేశాను. మళ్లీ తోముడు, మళ్లీ నీళ్ల పరీక్ష. గ్లవ్స్ కూడా కొన్నాను, బోణీకి ముందే కొనాల్సినవి. మీసాలు ఇప్పుడు తొట్టి మీద వైరుకు వేలాడుతున్నాయి. గుమ్మంలో అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది.

"ఈసారి పెట్టొద్దారా?"

"పెట్టమ్మా. మీసాలకు కాదు, నాకు పెట్టు. ఎట్లాగూ ఈ తలకాయకు ఎంత తోమినా ఏదీ అంటదు."

బొట్టు పెట్టించుకుని, స్విచ్ మీద వేలు పెట్టాను.