ఎడమవైపు జ్ఞానదంతం

ఏలూరు పళ్ళ డాక్టరుగారు కొత్త ఎక్స్‌రేని కంప్యూటర్లో చాలాసేపు చూసి, నావైపు తిరిగారు.

"ఎడమవైపు జ్ఞానదంతం ఏదండీ?"

"తీయించేశామండీ, తాడేపల్లిగూడెంలో. పది రోజులైంది."

ఆవిడ పెన్ను బల్లమీద పెట్టేశారు. "నాకొక్క ఫోను చేయవలసిందండీ. మనం ఎదురుచూస్తున్నది ఆ పన్ను కోసమేగా!"

కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న మా అమ్మాయి కళ్ళు నామీదికి తిరిగాయి.

మా అమ్మాయికి కింది దవడలో రెండువైపులా, పాలపన్ను తర్వాత రావలసిన పన్ను ఒక్కోటి పుట్టుకతోనే లేదు. మా అమ్మకూ నాకూ అంతే. అమ్మ ఆ సందులోంచే చేపముళ్ళు నాలుకతో బయటికి నెట్టేది. కొల్లేటి చేపలు తినమని దేవుడు పెట్టిన కిటికీ అని నవ్వేది. అమ్మాయికి పదిహేడేళ్ళు వచ్చేదాకా అక్కడ పాలపళ్ళే నిలిచాయి. అవి తీసేశాక, పెట్టుడు పళ్ళు వద్దు, వెనక పళ్ళనే ముందుకు జరిపి సందులు మూద్దామన్నారు డాక్టరుగారు. క్లిప్పులు వేసి నెలనెలా బిగించేవారు. దవడ పళ్ళు ముందుకు కదిలితే వాటి వెనక చోటు మిగులుతుంది. చిగురు కింద ఉన్న జ్ఞానదంతం ఆ చోట్లోకి జరిగి నిటారుగా లేస్తే, పైన చివరి పన్నుకు జోడీ దొరుకుతుంది. ఒక్కోసారి వాలిపోయి ఇరుక్కోవచ్చని కూడా ఆవిడ ముందే చెప్పారు. కుడివైపుది అనుకున్నట్టే లేచింది. ఎడమవైపుది వాలి ఉన్నా, తీసిన ప్రతి ఎక్స్‌రేలోనూ కాస్త కాస్త నిలబడుతూ వచ్చింది.

ఈ ఎక్స్‌రేకి రెండు వారాల ముందు, వానలకు కొల్లేరు పొంగి ఏలూరు రోడ్డు మునిగింది. తాడేపల్లిగూడెం కాలేజీ హాస్టలు నుంచి అమ్మాయి ఫోను చేసింది, చెంప వాచి నోరు తెరుచుకోవడం లేదని. మా ఊరు కలిదిండి నుంచి భీమవరం మీదుగా వెళ్ళాను. గూడెం పళ్ళ డాక్టరు మందులు రాసిచ్చి, వాపు తగ్గాక పన్ను ఉంచాలో తీయాలో మీరే చెప్పండన్నాడు.

"ఏలూరు మేడమ్‌గారిని అడుగుదాం నాన్నగారూ."

"జ్ఞానదంతానికి కూడా అడిగేదేంటమ్మా? ఎలాగూ తీసిపారేసేదే."

చెరువులో చేపలు పట్టినప్పుడు పనికిరాని చేపను గట్టుమీదికి విసిరేసినంత తేలిగ్గా అన్నాను. వాపు తగ్గడానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ ఫోను నా జేబులోనే ఉంది.

ఏలూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి, కైకలూరు దాటాక, "మీ పన్నయితే అడిగేవారు" అంది.

ఇది జరిగి ఏడు నెలలు. కుడివైపు సందు మూసుకుంది. ఎడమవైపు పళ్ళను ముందుకు లాగడం ఆపేశారు. మళ్ళీ లాగి సందు మూస్తే, పైన చివరి పన్నుకు కింద జోడీ ఉండదు, అది రానురాను కిందికి దిగిపోవచ్చు. లాగకపోతే ఆ సందులో పెట్టుడు పన్ను పెట్టాలి. ఏది చేయాలో డాక్టరుగారు ఇంకా తేల్చలేదు.